ఇల్లు మనదే... గుమ్మం ఎవరిది?

గృహప్రవేశం అయింది. పాలు పొంగాయి. వచ్చిన చుట్టాలు వెళ్లి వారం తిరగకముందే ఓ ఉత్తరం! 'మీ చెత్తడబ్బా వీధిలోకి కనబడుతోంది, లోపల పెట్టుకోండి' అని. నెల పోయాక ఇంకోటి. ఈసారి ఇంటిముందు గడ్డి పెరిగిందట, కోయించాలట. పంపింది పోలీసులు కాదు, మునిసిపాలిటీ అంతకన్నా కాదు. హెచ్‌ఓఏ... అంటే ఇళ్ల యజమానుల సంఘం.

అమెరికాలో డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనోల్లో ఇల్లు కొనుక్కున్న తెలుగువారికి ఈ మూడక్షరాలు బాగా పరిచయం. ఆ దేశంలో ఇలాంటి సంఘాల కింద నివసించేవారు ఏడు కోట్లకు పైమాటే. మన అపార్ట్‌మెంటు అసోసియేషన్ లాంటిదే కదా అనుకుంటే పొరపాటు. మన దగ్గర మెయింటెనెన్స్ కట్టకపోతే లిఫ్టు దగ్గర నోటీసు బోర్డులో పేరెక్కుతుంది, మహా అయితే సెక్రటరీగారు మొహం తిప్పుకుంటారు. అక్కడ సంఘం నియమాలు స్థలం పత్రాలతోపాటు కౌంటీ ఆఫీసులో నమోదై ఉంటాయి. ఇల్లు కొన్న క్షణమే మీరు సభ్యులు. 'నాకొద్దు' అనే వీలు లేదు.

లాభం లేదా అంటే, ఉంది. ఈతకొలను, పిల్లల పార్కు, నడిచేందుకు చక్కటి బాట... ఇవన్నీ ఆ చందాలతోనే నడుస్తాయి. ఇండియా నుంచి వెళ్లిన అమ్మానాన్నలకు సాయంత్రం కాలు సాగేది ఆ బాటమీదే. పక్కింటాయన గోడలకు ఊదారంగు పూయడు, తుప్పు పట్టిన కారును ఏళ్ల తరబడి వాకిట్లో నిలబెట్టడు. రేపు ఇల్లు అమ్మాలంటే ఈ శుభ్రతే ధర తెస్తుందని చాలామంది నమ్మకం. పక్కవాళ్లకు నియమాలుంటే బాగానే ఉంటుంది మరి! చిక్కల్లా అవి మన గుమ్మం దాకా వచ్చినప్పుడే.

'ఒరేయ్, పండగపూట గుమ్మానికి తోరణం లేదేంట్రా?' అని తల్లి అడిగితే కొడుకేం చెబుతాడు? హ్యూస్టన్‌లో ఓ యూదు దంపతులు తమ మత చిహ్నాన్ని తలుపు పక్కన కట్టుకుంటే సంఘం తీసేయమంది. గొడవ కోర్టుకెక్కింది. ఆ తర్వాత 2011లో టెక్సాస్ ఓ చట్టం చేసింది. గుమ్మం దగ్గర మత చిహ్నాలు పెట్టుకోవచ్చు, కానీ మొత్తం 25 చదరపు అంగుళాలు దాటకూడదు! అంటే నిలువు అయిదు, అడ్డం అయిదు. ఆ కొలతలో నాలుగు మామిడాకులు కూడా సరిగ్గా ఇమడవు. 2021లో మరో చట్టం వచ్చి ఆ హద్దు ఎత్తేసింది. ఇప్పుడు గుమ్మం ఒక్కటే కాదు, సొంత స్థలంలో ఎక్కడైనా పెట్టుకోవచ్చు. అయితే భద్రతకు ముప్పు తెచ్చేవి, సరిహద్దు నుంచి వదలాల్సిన జాగాలోకి వచ్చేవి కుదరవు. తులసికోట కట్టించే ముందు టేపు పట్టి కొలుచుకోవడం మేలు.

గడ్డీ తోరణాలూ చిన్న సంగతులే. ఇల్లే పోతే? ఫ్రిస్కోలో అదీ జరిగింది. సుమారు మూడు లక్షల డాలర్ల ఇల్లు, బ్యాంకు అప్పు కూడా లేదు. యజమాని సైనికుడు, ఇరాక్‌లో విధుల్లో ఉన్నాడు. సంఘానికి దాదాపు 800 డాలర్లు బకాయి పడింది. నోటీసులు ఇంటికొచ్చాయి గానీ తెరిచి చూసినవాళ్లు లేరు. 2008లో సంఘం ఆ ఇంటిని వేలం వేస్తే మూడు వేల డాలర్ల పైచిలుకుకు పోయింది! సైనికులకున్న ప్రత్యేక రక్షణ చట్టం అండతో పోరాడి, 2010లో రాజీ కుదిరాక ఆ కుటుంబం ఇల్లు దక్కించుకుంది. మామూలు ఉద్యోగికి ఆ చట్టం ఉండదు.

ఆ రాష్ట్రంలో 2012 నుంచి ఇలాంటి వేలానికి ముందు కోర్టు ఉత్తర్వు తప్పనిసరి చేశారు. కేవలం జరిమానాల కోసం ఇల్లు వేలం వేయకూడదు కూడా. కానీ చందా బకాయికి వేయవచ్చు. అందుకే 'జరిమానా అన్యాయం, అది తేలేదాకా చందా కట్టను' అని భీష్మించుకోవడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. చందా కట్టేసి పోట్లాడాలి. జరిమానా నోటీసు పోస్టు చేసిన తేదీ నుంచి 30 రోజుల్లోగా రాతపూర్వకంగా కోరితే బోర్డు ఎదుట మన వాదన వినిపించుకునే హక్కుంది.

కొనేముందే చూసుకోవాల్సినవీ ఉన్నాయి. పాత ఇల్లయితే సంఘం నుంచి రీసేల్ సర్టిఫికెట్ తెప్పించమని అడగాలి. చందా ఎంత, పాత యజమాని బకాయిలున్నాయా, ఏ నియమమైనా ఉల్లంఘించి ఉన్నాడా అన్నవి అందులో బయటపడతాయి. వంటగది ప్లాట్‌ఫాం రాయిని పది నిమిషాలు తడిమి చూసేవాళ్లు ఈ కాగితాలను పది సెకన్లలో సంతకం పెట్టి పక్కన పడేస్తుంటారు.

బోర్డులో కూర్చునేది కూడా జీతం లేని ఇరుగుపొరుగువాళ్లే. కొత్త కాలనీల్లో మొదట బిల్డరు మనుషులుంటారు. టెక్సాస్‌లో నాలుగింట మూడొంతుల ప్లాట్లు అమ్ముడయ్యాక మూడోవంతు స్థానాలైనా యజమానులు ఎన్నుకున్నవారికి దక్కాలి. ఆ ఎన్నిక రోజు సాయంత్రం క్లబ్‌హౌస్‌లో కుర్చీలు వేసే ఉంటాయి. వెళ్లి కూర్చోవాలంతే.