పత్తి ధర - సాత్‌బారాలో పేరు

అయ్యా,

పత్తి బేరములను గూర్చి తమ పత్రికలో వచ్చిన లేఖలన్నియు ధర చాలదనియే ఘోషించుచున్నవి. 2025-26 సంవత్సరమునకు కేంద్రప్రభుత్వము ప్రకటించిన మద్దతు ధర పొడవు పింజకు క్వింటాలు 1కి రూ. 8,110 లు, మధ్యరకమునకు రూ. 7,710 లు. అది చాలునా అనునది వేరు ప్రశ్న. ఆ ధరయైనను మాకు అందకపోవుటకు కారణము మా ఇండ్లలోనే కలదని చెప్పుకొనక తప్పదు.

మాది రాజురా తాలూకా. 1956 దాకా అది ఆదిలాబాదు జిల్లాలోనిది. మా తాతగారి కాలమున ఉర్దూ పహాణీలో ఎక్కిన భూమి నేడు మరాఠీ సాత్‌బారాలో ఆయన పేరుననే ఉన్నది. ఆయన గతించి ముప్పది ఏండ్లు దాటినది. అన్నదమ్ములము నోటిమాటతో పంచుకొని సాగు చేసుకొనుచున్నాము. తగాదా లేదు గనుక పేరు మార్పు ఎందుకని ఊరకుంటిమి. తగాదా లేని ఇంటికే ఈ నష్టము ఎక్కువ!

కాటన్ కార్పొరేషన్ వారు 2025లో ‘కపాస్ కిసాన్’ అను యాప్‌లో ముందుగా పేరు నమోదు చేసుకొనవలెనన్నారు. భూమి పత్రము, ఆధార్ కావలెను. నా ఆధార్‌లో నా పేరు, పత్రములో తాతగారి పేరు. చేయునదిలేక దీపావళికి ముందే పచ్చిపత్తిని ఒక వ్యాపారికి క్వింటాలుకు వేయి రూపాయలకు పైగా తక్కువకు ఇచ్చితిని. కార్పొరేషన్ వారు తేమ నూటికి 8 దాటిన ప్రతి ఒక్కటికి ధరలో నూటికి ఒకటి తగ్గింతురు. 12 దాటినచో కొనరు. అనగా తేమ 12 ఉన్నను రూ. 7,785 లు వచ్చియుండెడివి.

అప్పు సంగతియు ఇంతే. పత్రమున పేరు లేనివానికి బ్యాంకులో పంట ఋణము పుట్టదు. ఎరువుల కొట్టులో అరువు నెలకు నూటికి రెండు. మా కోడలు చిట్టా వ్రాసి చూపువరకు నాకు లెక్క తెలియలేదు: ఏబది వేలకు ఆరు నెలల వడ్డీ ఆరు వేలు. కిసాన్ క్రెడిట్ కార్డుపై సకాలమున తీర్చినవానికి ఏడాదికి నూటికి నాలుగు చొప్పున వేయి రూపాయలే.

2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వము ‘జివంత్ సాత్‌బారా’ పేర, మృతుల స్థానమున వారసుల పేర్లు ఎక్కించు కార్యక్రమము నడిపినది. మంచి పనియే. కాని మాలో పలువురు ఆ దినములలో పెండ్లిండ్లకు ఆవలి గట్టున ఉంటిమి! మరణ ధృవపత్రము, వారసుల జాబితా, అందరి సంతకములు కావలెను. ఆడపడుచులు మంచిర్యాలలో ఒకరు, కరీంనగరులో ఒకరు. వారి వాటా వారికి ఒప్పుకొనక సంతకము అడుగుట న్యాయము కాదని కూడ నా అభిప్రాయము.

కావున తలాఠీలు వేసవిలో మరల గ్రామములకు వచ్చి ఈ పని చేయునట్లు జిల్లా అధికారులు ఏర్పాటు చేయవలెననియు, అంతవరకు సహవారసుల సమ్మతి పత్రముతో పత్తి కొనుటకు కార్పొరేషన్ వారు అంగీకరించవలెననియు కోరుచున్నాను. నేను మాత్రము సంక్రాంతికి వచ్చిన అక్కగారి సంతకము తీసుకొంటిని. చెల్లెలిది మిగిలియున్నది.

ఇట్లు,
ఒక పత్తి రైతు,
చంద్రపూర్ జిల్లా.