విమాన చోదక విద్యకు ఏది దారి?

2021 మార్చిలో ఓర్వకల్లు విమానాశ్రయము తెరచినారు. ఆదోని, ఎమ్మిగనూరు పిల్లలకు పైలటు పని ఇక ఆకాశకుసుమము కాదు. సంతోషమే. కాని కుమారుని కొరకు పత్తిచేను అమ్మజూపు తండ్రి మొదట విచారింపవలసినది శిక్షణాలయమును గూర్చి కాదు. పిల్లవాని కన్ను, చెవి, గుండె ప్రథమ శ్రేణి వైద్యపరీక్షకు నిలుచునా యని. శిక్షణ వ్యయముతో పోల్చిన ఆ పరీక్ష ఖర్చు లెక్కలోనిది కాదు. అయినను దానిని చివరకు నెట్టువారు కలరు!

విమాన సంస్థల క్యాడెట్ పథకములలో కొలువు ఆశ గలదు; రుసుము కోటి రూపాయల దరిదాపు. ఆశ వేరు, నియామకపత్రము వేరు. విదేశములలో నేర్చినవారు తిరిగివచ్చి ఇచ్చటి పరీక్షలు వ్రాసి లైసెన్సు మార్చుకొనవలెను. ఫర్సత్‌గంజ్‌లోని ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ప్రవేశపరీక్షను బట్టి చేర్చుకొనును. రుసుము అక్కడను లక్షలలోనే సుమా! కాని గణితము, భౌతికశాస్త్రము, ఇంగ్లీషు మన ఉపాధ్యాయులు నేర్పగలిగినవే. కనుక నా మొగ్గు అటే.

అచట చోటు దొరకనిచో, దఫాలుగా రుసుము తీసికొను స్వదేశ శిక్షణాలయమే మేలు. లైసెన్సుకు 200 గంటలు ఎగిరిన పిదప, పెద్ద విమానము నడపుటకు టైప్ రేటింగు ఖర్చు వేరుగా నుండును. నడుమ ఆగవలసివచ్చినను సగము చేనైనను మిగులును.