ఏ చర్మానికి ఆ లేపనం

‘ఏ ఎండకు ఆ గొడుగు’ అన్న నానుడిని మనం సాధారణంగా నిలకడ లేని మనిషిని ఎత్తిపొడవడానికి వాడుతాం. మాట మీద నిలబడవలసిన చోట అది నింద. దేహసంరక్షణ విషయంలో మాత్రం అదే వివేకం. ఎండకు, గాలికి, ఋతువుకు, వయస్సుకు తగినట్లు మనిషి తన అలవాట్లను మార్చుకొనకపోతే దేహం నొచ్చుకుంటుంది. దేహానికీ లోకానికీ నడుమ సరిహద్దుగా నిలిచిన చర్మం అన్నిటికంటె ముందు నొచ్చుకుంటుంది. ఆ చర్మానికి ఏ లేపనం పూయాలన్న ప్రశ్న చూడడానికి చిన్నదే. కాని దానికి నేటి యువతీయువకులు చెప్పుకుంటున్న సమాధానంలో వారి ఆరోగ్యం, తల్లిదండ్రుల కష్టార్జితం, అన్నిటినీ మించి వారి ఆత్మగౌరవం ఇమిడి ఉన్నాయి.

చర్మం మన శరీరంలో అతిపెద్ద అవయవం. దాని పైపొర నిర్జీవ కణాలతో పేర్చిన గోడ వంటిది. కణాలు ఇటుకలైతే, వాటి నడుమనున్న కొవ్వుపదార్థం అడుసు వంటిది. పాత ఇటుకలు రాలిపోతూ, అడుగునుండి కొత్తవి పైకి వస్తూ సుమారు నాలుగు వారాలలో ఈ గోడ తన్ను తానే పునర్నిర్మించుకుంటుంది. దీనికి తోడు చర్మంలోని గ్రంథులు సెబమ్ అనే జిడ్డును స్రవించి గోడకు పూత పూస్తాయి. లోపలి నీటిని బయటికి పోనీయక, బయటి దుమ్మునూ సూక్ష్మజీవులనూ లోపలికి రానీయక కాపాడేది ఈ గోడే. మరీ వేడినీటి స్నానం, ఘాటైన సబ్బు, పొడిగాలి ఆ అడుసును హరించినప్పుడు నీరు ఆవిరైపోతుంది. చర్మం బిగుసుకుంటుంది, పొట్టు లేస్తుంది, దురద పెడుతుంది, చివరకు పగుళ్లు తీస్తుంది. మాయిశ్చరైజర్ అని మనం పిలిచే లేపనం ఆ గోడ కోలుకొనేదాకా దానికి ఆసరాగా నిలుస్తుంది. అంతకు మించిన మాహాత్మ్యం దానికి లేదు.

దుకాణంలో సీసాలు వేయి రకాలుగా కనిపించినా వాటిలోని తేమనిచ్చే పదార్థాలు చేసే పనులు మూడే. గ్లిజరిన్, యూరియా, హైలురోనిక్ ఆమ్లం వంటివి నీటిని పట్టి ఉంచుతాయి. కొన్ని నూనెలు, కొవ్వులు కణాల మధ్య సందులను పూడ్చి చర్మాన్ని మెత్తబరుస్తాయి. పెట్రోలియం జెల్లీ, మైనం వంటివి పైన పొరగా పరచుకొని నీరు ఆవిరి కాకుండా అడ్డుకుంటాయి. వీటి పాళ్లు, వీటితో కలిపే నీటి పాలు మారడం వల్లనే ఒకటి పలుచని లోషన్‌గా, ఒకటి చిక్కని క్రీముగా, మరొకటి జిగట మలాముగా తయారవుతుంది.

ఈ జ్ఞానం కొత్తది కాదు. మన ఇళ్లలో తలంటు పోసేటప్పుడు ముందుగా నువ్వులనూనె పట్టించి, తరువాత సున్నిపిండితో నలుగు పెట్టేవారు. పిండి మురికినీ అదనపు జిడ్డునూ తీసుకొనిపోగా చర్మానికి కొంత నూనె మిగిలేది. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, శ్రీకృష్ణదేవరాయలు తెల్లవారకముందే నువ్వులనూనె త్రాగి, ఒంటినిండా అదే నూనె పట్టించుకొని, అది చెమటతో బయటికి వచ్చేదాకా వ్యాయామం చేసేవాడని వ్రాశాడు. ‘ఆముక్తమాల్యద’ రచించిన చేతికి కూడ నూనె కావలసి వచ్చిందన్నమాట! పాశ్చాత్య దేశాలలో రెండవ శతాబ్దపు వైద్యుడు గాలెన్ మైనాన్ని, ఆలివ్ నూనెను, పన్నీటిని కలిపి చేసిన లేపనం నేటి కోల్డ్ క్రీముకు పూర్వరూపం. అమెరికాలో రాబర్ట్ చెస్‌బ్రో 1872లో పెట్రోలియం జెల్లీకి పేటెంటు పొందాడు. పెన్సిల్వేనియా చమురుబావుల కూలీలు పంపు కడ్డీలకు పట్టిన మైనం వంటి మడ్డిని తెగిన చోట, కాలిన చోట పూసుకొనడం అతని దృష్టిని ఆకర్షించింది. నేడు అలంకరణ సామగ్రి నడుమ కనిపించే ఈ పదార్థం విలువను మొదట గుర్తించినవి కష్టజీవుల చేతులే.

లేపనాన్ని ఎన్నుకొనడానికి ముందు తన చర్మం ఎటువంటిదో ఎవరికి వారు తెలుసుకోవాలి. దీనికి ఖర్చుతో పనిలేదు. ముఖాన్ని మృదువైన సబ్బుతో కడిగి, మెత్తని గుడ్డతో అద్ది, ఏమీ పూయకుండా ఒక గంటసేపు వదిలివేయాలి. తరువాత అద్దంలో చూడాలి. ముఖమంతా బిగుతుగా, వెలవెలబోతూ ఉంటే అది పొడి చర్మం. ముఖమంతా నూనె తేరితే జిడ్డు చర్మం. నుదురు, ముక్కు, గడ్డం మాత్రమే మెరుస్తూ చెక్కిళ్లు పొడిగా ఉంటే మిశ్రమ చర్మం. ఏ కొత్త వస్తువు తగిలినా మంట, ఎరుపు, దురద కనిపించేది సున్నిత చర్మం. ఈ స్వభావం జీవితాంతం ఒకేలా ఉండదు. పదహారేళ్ల వయస్సులో జిడ్డోడే ముఖం అరవయ్యేళ్లకు ఎండిన ఆకులా మారవచ్చు. కనుక అమ్మమ్మ పూసుకొనే లేపనం మనుమరాలికి నప్పాలన్న నియమం లేదు.

పొడి చర్మానికి చిక్కని క్రీము మేలు. స్నానం చేసిన తరువాత ఒంటి తడి పూర్తిగా ఆరకముందే పూసుకుంటే నీరు లోపలే నిలుస్తుంది. జిడ్డు చర్మానికి నూనె లేని, పలుచని జెల్ లేదా లోషన్ చాలు. రంధ్రాలను పూడ్చనిది అని తెలిపే ‘నాన్ కామెడోజెనిక్’ అన్న మాట పెట్టెపై ఉన్నదేమో చూడాలి. జిడ్డు చర్మానికి తేమ అక్కరలేదని చాలామంది విద్యార్థులు భావించి రోజుకు ఐదారుసార్లు సబ్బుతో ముఖం రుద్దుకుంటారు. జిడ్డు వేరు, నీరు వేరు. పైకి నూనె తేరుతున్న ముఖంలో కూడ నీరు కొరవడవచ్చు. మిశ్రమ చర్మం కలవారు చెక్కిళ్లకు కొంచెం ఎక్కువగా, నుదుటికి తక్కువగా పూసుకోవాలి. సున్నిత చర్మానికి సువాసనలు, రంగులు లేనిదే శ్రేష్ఠం. ఏ లేపనమైనా ముఖానికి పూసేముందు ముంజేతి లోపలివైపు కొద్దిగా పూసి, కొన్ని రోజులు గమనించడం అందరికీ క్షేమం.

చర్మస్వభావం తరువాత చూడవలసింది ఊరి గాలి. 2022లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోని మన పరవాడ సముద్రానికి చేరువలో ఉంది. ముత్యాలమ్మపాలెం తీరం నుండి వీచే గాలిలో ఏడాదిలో చాలా నెలలు తేమ నిండి ఉంటుంది. చెమట ఆరదు. ఇటువంటి చోట చిక్కని క్రీము దట్టంగా పూసుకుంటే జిడ్డు చర్మానికి మొటిమలే మిగులుతాయి. ఇదే ఉత్తరాంధ్రలో, కొండలమీది లంబసింగిలో పుష్యమాసపు చలికి పెదవులు, మడమలు పగులుతాయి. అక్కడ పెట్రోలియం జెల్లీ నిత్యావసరం. ఒకే ఊరిలో కూడ అందరి అవసరం ఒకటి కాదు. వేటకు వెళ్లే మత్స్యకారుని ఒంటిపై ఎండ, ఉప్పు కలిసి పనిచేస్తాయి. కర్మాగారంలో గంటగంటకూ చేతులు కడుగుకొని తొడుగులు ధరించే ఉద్యోగి అరచేతులు పొడిబారుతాయి. వీరిద్దరికీ ఒకే సీసాను చూపే ప్రకటన ఎవరి మేలు కోరి వెలువడిందో ఆలోచించాలి.

ఈ సందర్భంలో పరవాడ విద్యార్థులకు ఒక అనుకూలత ఉంది. ఇక్కడి జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మాసిటీలోని అనేక కర్మాగారాలు మందుల ముడిపదార్థాలను తయారుచేస్తాయి. ఆ పదార్థం పీపాలలో తన రసాయన నామంతోనే బయలుదేరుతుంది. ఆకర్షణీయమైన పేరు, రంగుల పెట్టె, నవ్వుతున్న తార బొమ్మ, హెచ్చు ధర తరువాతి మజిలీలలో వచ్చి చేరవచ్చు. పదార్థం వేరు, పేరు వేరు అన్న సత్యం ఇక్కడి ఎన్నో ఇళ్లలో పెద్దలకు నిత్యానుభవం. ఆ ఇళ్లలోని పిల్లలు లేపనం కొనేటప్పుడు పెట్టె ముందువైపు బొమ్మను చూచి మోసపోరాదు. వెనుకవైపు చిన్న అక్షరాలలో పదార్థాల పట్టిక ఉంటుంది. సాధారణంగా ఎక్కువ పాలున్నవి ముందు, తక్కువ పాలున్నవి తరువాత వ్రాస్తారు. ముందు వరుసలో గ్లిజరిన్ ఉన్న చౌక సీసా, పట్టిక చివర ఏదో అరుదైన పువ్వు రసం ఉన్న ఖరీదైన సీసాకు తీసిపోదు. వాడుకగడువు తేదీని చూడడం కూడ మరువరాదు.

ఇక అసలు ప్రమాదం వద్దకు వద్దాం. మన విద్యార్థులలో పలువురు వెదికేది తేమను కాదు, తెలుపును. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ మనలను ఎండనుండి కాపాడే కవచం. తేమనిచ్చే లేపనం దానిని మార్చలేదు, మార్చవలసిన అవసరమూ లేదు. 1975లో మనదేశపు విపణిలోకి వచ్చిన ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ 2020లో తన పేరునుండి ‘ఫెయిర్’ అన్న మాటను తొలగించుకొన్నది. పేరు మారింది గాని మన మనస్సులు మారినవా? నీలమేఘశ్యాముడని రామునికి మొక్కుతాం, నల్లనయ్య అని కృష్ణుని ముద్దుచేస్తాం. మహాభారతంలో ద్రౌపదికి ‘కృష్ణ’ అన్న పేరు ఆమె మేనిఛాయను బట్టే వచ్చింది. అదే ఛాయ మన ఇంటి ఆడపిల్లకు వస్తే పెండ్లిసంబంధాల వేళ నిట్టూరుస్తాం. ఈ ద్వంద్వనీతిని అమ్మకపు సరుకుగా మార్చిన వ్యాపారానిది ఎంత తప్పో, దానికి గిరాకీని కల్పించిన సమాజానిదీ అంతే తప్పు.

ఈ వ్యామోహం కొందరిని మందుల దుకాణం దాకా నడిపిస్తున్నది. స్నేహితురాలు చెప్పిందని, చుట్టుపక్కల వారు వాడుతున్నారని బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ వంటి స్టెరాయిడ్లున్న మలాములను కొని ముఖానికి నెలల తరబడి పూసుకుంటున్నారు. ఇవి కొన్ని చర్మవ్యాధులకు వైద్యులు మితకాలం వాడించే మందులు. మొదటి వారాలలో ముఖం తేటబడినట్లు తోస్తుంది. తరువాత చర్మం పలుచబడుతుంది, ఎర్రని రక్తనాళాలు బయటపడతాయి, మొటిమలు, అవాంఛిత రోమాలు మొలుస్తాయి. మానివేద్దామంటే ముఖం భగ్గుమంటుంది. అందువల్ల మళ్లీ అదే పూస్తారు. 2018లో కేంద్రప్రభుత్వం ఇటువంటి అనేక లేపనాలను వైద్యుని చీటీ మీదనే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్ జాబితాలో చేర్చింది. చట్టం గ్రంథంలో ఉంటే చాలదు, కొనేవారి బుద్ధిలోనూ ఉండాలి. ఇప్పటికే వాడుతున్నవారు సిగ్గుపడి దాచుకోకుండా, తమంతట తామే హఠాత్తుగా మానకుండా చర్మవైద్యుని సంప్రదించాలి. విశాఖపట్నంలోని కింగ్ జార్జ్ ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది.

‘సహజమైనవన్నీ మంచివే, ఈ సీసాలెందుకు?’ అని ఆక్షేపించే పెద్దలున్నారు. వారి మాటలో సగం నిజం ఉంది. పొడిబారిన కాళ్లకు, చేతులకు కొబ్బరినూనె చక్కగా పనిచేస్తుంది. అదే నూనె మొటిమలున్న ముఖానికి చేటు. నిమ్మరసం సహజమే అయినా దానిని పూసుకొని ఎండలోకి వెళ్తే చర్మం కమిలిపోతుంది. పాతది కావడం వల్ల ఏదీ మంచిది కాదు, కొత్తది కావడం వల్ల ఏదీ చెడ్డది కాదు. పరీక్షించి గ్రహించడమే విద్య నేర్పే గుణం. చర్మసంరక్షణ ఆడపిల్లల వ్యవహారమని మగపిల్లలు చిన్నచూపు చూడడమూ తగదు. పగిలిన మడమకు స్త్రీపురుష భేదం లేదు.

కాబట్టి ఒక లేపనాన్ని చేతిలోకి తీసుకొన్నప్పుడు విద్యార్థి మూడు ప్రశ్నలు వేసుకోవాలి. నా చర్మం ఎటువంటిది? నేనున్న చోట గాలి ఎటువంటిది? ఈ సీసాలో ఉన్న పదార్థం ఏ పని చేస్తుంది? ఈ మూడింటికీ సరియైన సమాధానం దొరికితే కొద్దిపాటి ఖర్చుతోనే పని నెరవేరుతుంది. ‘దీనితో నేను మరొకరిలా మారతానా?’ అన్న నాలుగవ ప్రశ్న తలెత్తితే మాత్రం ఆ సీసాను ఉన్నచోటనే ఉంచి వెనుకకు రావడం మంచిది. పగిలిన చర్మాన్ని లేపనం మెత్తబరచగలదు. ఎవరో నాటిన న్యూనతను పెకలించి వేయవలసింది మన ఆలోచనే.