పరిశోధన సాంచెల షెడ్డుకు రావలెను



భివండి సాంచెల కష్టములనగానే కరెంటు రేటు, నూలు ధర, బేరము లేకపోవుట అందరి నోటను వచ్చును. వీటి చాటున మరుగుపడిన సంగతి ఒకటి కలదు.

బట్టల మిల్లుల కొరకు లాభాపేక్ష లేని పరిశోధన సంఘములు స్వాతంత్ర్యము వచ్చిన రోజులలోనే లేచినవి. 1947లో విక్రం సారాభాయి అహమ్మదాబాదులో అటిరాను స్థాపించిరి. 1950లో సాస్మీరా, 1954లో బి.టి.ఆర్.ఎ. బొంబాయిలో ఏర్పడినవి. మిల్లులవారి చందా కొంత, ప్రభుత్వ సహాయము కొంత. మంచి ఏర్పాటే. కాని 1982 సమ్మె తరువాత బొంబాయి మిల్లులు ఒక్కొక్కటే మూతపడగా, నేత మరింతగా భివండి, మాలెగాం, ఇచల్‌కరంజిలకు తరలినది. మిల్లుల పాత సాంచెలు తుక్కు ధరకు ఇక్కడికే చేరినవి. పరిశోధన మాత్రము ఆ వేగముతో రాలేదు.

ఈ సంఘములు పవర్‌లూం సర్వీసు సెంటర్లు నడుపుచు ప్రభుత్వమునకు తోడ్పడుచున్నవి. 2017 ఏప్రిల్ 1న కేంద్రమంత్రి స్మృతి ఇరానీ పవర్‌టెక్స్ ఇండియా పథకమును భివండిలోనే ప్రారంభించిరి. పేక గాని పడుగు పోగు గాని తెగినచో సాంచె తానే ఆగు అమరికలకు అందులో సబ్సిడీ ఇచ్చిరి. పథకములో దోషము లేదు. కాని అమర్చినట్లు కాగితముపై సంతకము పడుటతో పని తీరదు. ఆరు నెలల తరువాత బట్టలో తప్పులు తగ్గినవా, ఆరెనిమిది సాంచెలు చూచు కార్మికునికి మీటర్లు పెరిగినవా అని కొలిచి చెప్పవలెను. ఇక్కడ చాలమంది మజూరీకి నేయువారు. నూలు సేటుది, బట్ట సేటుది. తప్పు వచ్చినచో కోత ఆసామికి, అతని నుండి కార్మికుని కూలికి.

శబ్దము సంగతి మరియొకటి. సాంచెల షెడ్డులో 90 డెసిబెల్లు దాటుట సామాన్యము. పద్మనగరులో ముప్పది ఏండ్లు నేసిన పెద్దలు ఇంటిలో కూడ కేకవేసియే మాటలాడుదురు. పిల్లలు దానిని కోపమనుకొందురు. చెవులు, దూది ధూళి ఏ సబ్సిడీ లెక్కలోనికి వచ్చును?

కనుక ప్రభుత్వమువారు ఈ సంఘములకు ధ్రువీకరించు పనితోపాటు కొలుచు పనికి కూడ డబ్బియ్యవలెను. ఫలితములను తెలుగు, మరాఠీ, ఉర్దూలలో అచ్చువేయించవలెను. మనవారు షెడ్డులోనికి రానీయరని కొందరందురు. నిజమే, తనిఖీదారనిన మనకు భయము. జరిమానా వేయు అధికారము లేని, లాభము కోరని వారే రావలెననుట అందుకే. మన కులసంఘ పెద్దలు ముందుగా నాలుగు షెడ్ల తలుపులు తెరిపించినచో, ప్రభుత్వమును అడుగుటకు మనకు నోరుండును.

— ఒక ఆసామి, పద్మనగర్, భివండి