జీబ్రా వచ్చింది, కడుపునొప్పి రాలేదు

హైదరాబాదులోని నాచారం గల్లీలో ఒకటో తరగతి పిల్ల ఫోన్‌లో ఇంగ్లీషు నేర్పే ఆటలో జీబ్రా బొమ్మ నొక్కుతుంది. చప్పట్లు మోగుతాయి, నక్షత్రాలు రాలతాయి, తల్లి మురిసిపోతుంది. మర్నాడు బళ్లో కడుపు నొప్పొస్తే ఆ పిల్లే నోరు పెగలక బెంచీ మీద తల వాలుస్తుంది. ఇంగ్లీషులో చెప్పడం రాదు. తెలుగులో చెబితే కసురుతారని భయం.

ఇదేనా ఆ ఆట నేర్పిన ఇంగ్లీషు?

ఆ ఆటలో పిల్లకు వచ్చింది మాట కాదు, గుర్తు. నాలుగు బొమ్మల్లో ఒకటి నొక్కితే చాలు. తప్పయితే ఇంకోటి నొక్కొచ్చు. నోరు విప్పే పనే లేదు. ఒక్క మాటను పదిసార్లు రాయించే శిక్ష కన్నా ఫోన్ ఆట నయమే, కాదనను. విన్న మాటే మళ్లీ వినిపిస్తుంది, పిల్లకు విసుగు రాదు. కానీ అది వల్లెవేత. వల్లెవేతకు రంగులద్ది పాఠమని అమ్మితే ఊరుకోవాలా?

తెరను నమ్ముకున్నది తల్లులే కాదు. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బైజూస్ పాఠాలున్న ట్యాబులను ఎనిమిదో తరగతి పిల్లలకు పంచింది. రెండేళ్లు తిరక్కుండానే, 2024 జులైలో, ఆ కంపెనీ దివాలా ప్రక్రియలో పడింది. కంపెనీ ఉన్నా పోయినా, పొద్దున్నే బడి తలుపు తీసేది టీచరే.

ఆ సంగతి మన పెద్దలకు ఎప్పుడో తెలుసు. ఇంగ్లీషు టీచర్లకు శిక్షణ ఇవ్వడానికని 1958లోనే హైదరాబాదులో ఒక కేంద్ర సంస్థ పెట్టారు. తార్నాక దగ్గరున్న ఇవాళ్టి ఇఫ్లూ, అంటే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం, అదే. నాచారం నుంచి ఆటోలో పోయేంత దూరం. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలొచ్చాయి. రెండు పేజీల మధ్య వంతెన కట్టాల్సింది మనిషి. ఆ పని ఫోన్‌కు అప్పగించి చేతులు దులుపుకుంటారా?

ఆటలే కావాలా? ఆడించండి. అష్టాచెమ్మా గవ్వలు ఇంగ్లీషులో లెక్కపెట్టించండి. ఉప్పల్ మెట్రో స్టేషన్ బోర్డులు చదివించి, ఎక్కడికి పోతున్నావని అడగండి. నాచారం ఈఎస్ఐ ఆసుపత్రి తెలియని కార్మికుడి బిడ్డ ఉండదు. క్లాసులో డాక్టరాట పెట్టండి. ఒకరు రోగి, ఒకరు డాక్టరు. ఎక్కడ నొప్పి అని డాక్టరు ఇంగ్లీషులో అడగాలి, రోగి చెప్పాలి. మాట తడబడితే తెలుగులో అందించండి.

ఆ ఆటలో నక్షత్రాలు రాలవు. నొప్పెక్కడో చెప్పడం వస్తుంది.