నిలిచిన ఇంజనూ, ఆపేసిన మాత్రలూ

నేను చదివింది తమిళ మీడియం. తెలుగు రాయడం మా అమ్మ దగ్గర నేర్చుకున్నదే, తప్పులుంటే మన్నించండి.

పోయిన వారం మన గ్రూపులో ఒకరు "రెండు నెలలైంది, దగ్గు తగ్గిపోయింది, ఇంకా టీబీ మాత్రలు ఎందుకు?" అని అడిగారు. ముగ్గురు "ఒంటికి వేడి, ఆపేయండి" అని రాశారు. చూసి ఊరుకోలేకపోయాను. మా ఆఫీసులో నా పక్క సీటు మిత్రుడు ఇలాగే ఆపేశాడు. ఏడాది తిరక్కుండా జబ్బు మళ్లీ వచ్చింది, పాత మాత్రలు ఈసారి పనిచేయలేదు. అతని ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు నేనే తయారు చేశాను.

ఆరు నెలలు మింగమంటారే గాని, ఎందుకో చెప్పేవాళ్లు తక్కువ. నా కోపం అక్కడే. కారణం తెలిస్తే మనిషి అంత సులభంగా ఆపడు.

క్రిమి కూడా తింటుంది, శక్తి చేసుకుంటుంది, పెరుగుతుంది. దాన్నే జీవక్రియ అంటారు. చాలా మందులు ఈ పని జోరుగా నడిచేటప్పుడే దెబ్బ కొడతాయి. పరుగెత్తే ఇంజనుకు పట్టా మీద రాయి అడ్డం పెడితే పడుతుంది, షెడ్డులో నిలిచిన ఇంజనుకు ఏమవుతుంది? పెన్సిలిన్ వేసినా కొన్ని క్రిములు చావకుండా మిగులుతున్నాయని 1944లోనే జోసెఫ్ బిగ్గర్ అనే ఐర్లండ్ డాక్టరు రాశాడు. అవి మారిపోయిన క్రిములు కావు, పని తగ్గించుకుని పడుకున్నవి.

టీబీ క్రిమి అసలే నిదానం. మన పేగుల్లోని ఈ.కోలై మంచి తిండి దొరికితే 20 నిమిషాలకు రెండవుతుంది, దీనికి సుమారు 20 గంటలు. మొదటి 2 నెలల్లో నాలుగు మందులు జోరుగా ఉన్నవాటిని చాలామటుకు చంపేస్తాయి, దగ్గు తగ్గుతుంది. పడుకున్నవి మిగిలే ఉంటాయి. తర్వాతి 4 నెలలు వాటికోసమే. మధ్యలో ఆపితే అవి లేచి పెరుగుతాయి. ఒకరోజు వేసి ఒకరోజు మానేసే ఒంట్లో, పెరిగేటప్పుడు మందుకు లొంగకుండా మారినది ఒక్కటి పుట్టినా దానిదే రాజ్యం. జీవక్రియ నడిపే జన్యువుల్లో మార్పు వచ్చినా క్రిమి మందుకు లొంగకపోవచ్చని 2021లో 'సైన్స్' పత్రికలో ఈ.కోలై మీద చేసిన పరిశోధన వచ్చింది.

టీబీ రోగి ఇంట్లోనే ఉండి మందు తిన్నా శానటోరియంలో ఉన్నంత గుణం వస్తుందని 1959లో లోకానికి చూపించింది మన మద్రాసు చేట్‌పట్ కేంద్రమే. ఇంట్లో మాత్ర మింగించే బాధ్యత ఇంటివాళ్లదే కదా!

అడిగిన తమ్ముడూ, మాత్రలు ఆపొద్దు. వాంతులైనా, కళ్లు పచ్చబడినా ఆ రోజే డాక్టరుకు చూపించు, గ్రూపులో అడగొద్దు. సర్కారు ఆసుపత్రిలో ఈ మందులు ఉచితం. తోడు కావాలంటే నేను వస్తాను, ఇప్పుడు నాకు డ్యూటీ లేదు.