నేరాంగీకారం ఎవరి రచన?

పోలీసువాడు దారి తప్పితే దొంగను వదిలిపెట్టాలా? ఈ ప్రశ్న వేసేవారు దీనికిక జవాబే లేదన్న ధీమాతో వేస్తారు. ప్రభుత్వ వకీళ్లు వేస్తే అది వారి వృత్తి అనుకోవచ్చు. కాని అభ్యుదయం పేరు చెప్పుకొనే మన మిత్రులే మన సభల్లో ఈ ప్రశ్న వేస్తున్నారు. "ఆయుధం దొరికిందా లేదా, అది చెప్పండి. ఎట్లా దొరికితేనేం? తుపాకీ అబద్ధమాడదు గదా!" అన్నది వారి వాదన సారాంశం. తుపాకీ అబద్ధమాడదు, నిజమే. కాని అది నిజమూ ఆడదు. దాని పక్కన నిలబడి దాని తరఫున మాట్లాడే మనిషి ఒకడుంటాడు. ఆ మనిషి ఎవడు, అతని మాటకు ఆధారమేమిటి అని అడగకుండా తుపాకీని మాత్రం చూసి తల వూపడం హేతువాదం కాదు. అది వస్తువుకు దణ్ణం పెట్టడం.

ఈ ప్రశ్నకు వంశవృక్షం వున్నది. 1926లో న్యూయార్క్ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానంలో న్యాయమూర్తి కార్డోజో ఇంచుమించు ఈ మాటనే తీర్పులోకి ఎక్కించాడు. అది ఆయుధం కేసే. ఓవర్‌కోటు దొంగిలించాడని ఒకణ్ణి పట్టుకున్న పోలీసు, వారంటు లేకుండా అతని గదిలో జొరబడి సోదా చేస్తే సంచిలో చేతిగుదియ ఒకటి బయటపడింది. కోటు కేసు వీగిపోయింది, గుదియ కేసు నిలిచింది. సోదా అక్రమమేనని న్యాయస్థానం ఒప్పుకున్నది. అయినా దొరికిన వస్తువు చెల్లుతుందన్నది. అమెరికా సుప్రీంకోర్టు 1961లో మాప్ కేసులో ఆ ధర్మాన్ని తిరగగొట్టింది. అక్రమ సోదాలో దొరికినది రాష్ట్రాల కోర్టుల్లో కూడా సాక్ష్యం కాదన్నది. 1966లో మిరాండా కేసు వచ్చింది. నిర్బంధంలో వున్నవాడికి మౌనంగా వుండే హక్కూ, వకీలును పిలుచుకునే హక్కూ వున్నాయని ముందుగా చెప్పాలి. చెప్పకుండా ప్రశ్నించి రాబట్టిన జవాబు అతని మీద చెల్లదు. అప్పటినుంచి అక్కడ ఆయుధం కేసు చేతికందిన వకీలు తొలుత ఆలోచించే అర్జీ ఒకటే: వాంగ్మూలాన్నీ వస్తువునూ రెంటినీ విచారణకు ముందే తొలగించమని.

ఆయుధం కేసు అని ప్రత్యేకించి ఎందుకంటున్నాను? హత్య కేసులో ఆయుధం ఒక సాక్ష్యం మాత్రమే. శవం వుంటుంది, గాయాలుంటాయి, చూసినవాళ్లుండవచ్చు. ఆయుధం దగ్గర వుంచుకున్నాడన్న కేసులోనో, ఆ వస్తువే నేరం. అది ఎవరి దగ్గర దొరికింది, అది అక్కడ వున్నట్టు అతనికి తెలుసా - కేసంతా ఈ రెండు మాటల మీదనే నిలబడుతుంది. తెలిసి కలిగి వుండటమే కలిగి వుండటమని మన సుప్రీంకోర్టు కూడా 1972లో గున్వంత్‌లాల్ కేసులో చెప్పింది. మొదటి మాట చెప్పేది పోలీసు. రెండో మాట ముద్దాయి చెప్పాడని చెప్పేదీ పోలీసే.

ఇప్పుడు మన మిత్రులకు నచ్చే కేసునే తీసుకుందాం. 1980 సెప్టెంబరు 11, అర్ధరాత్రి దాటింది. న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతంలో ఒక స్త్రీ గస్తీ పోలీసులను ఆపి, తనపై అత్యాచారం జరిగిందనీ, ఆ మనిషి తుపాకీతో ఎదుటి పెద్ద దుకాణంలోకి పోయాడనీ చెప్పింది. పోలీసు లోపలికి పోయి ఆమె చెప్పిన పోలికల మనిషిని తరిమి పట్టుకున్నాడు. ఒళ్లు తడిమితే భుజాన ఖాళీ తుపాకీ ఒర. చేతులకు బేడీలు వేసి, హక్కులేవీ చెప్పకుండా, తుపాకీ ఎక్కడ అని అడిగాడు. అతను ఖాళీ పెట్టెల వైపు తల వూపి, అదుగో అక్కడ అన్నాడు. తుపాకీ దొరికింది. ఆ తరువాత హక్కులు చదివారు. కింది కోర్టు ఆ మాటనూ తుపాకీనీ రెంటినీ తోసిపుచ్చింది; రాష్ట్రంలోని పై కోర్టులు సమర్థించాయి. 1984లో అమెరికా సుప్రీంకోర్టు మాత్రం, ప్రజల భద్రతకు ముప్పున్నప్పుడు ముందుగా హక్కులు చెప్పనక్కరలేదని కొత్త మినహాయింపు కల్పించి, రెంటినీ లోపలికి రానిచ్చింది. ఇదే న్యూయార్క్ వర్సెస్ క్వార్లెస్ కేసు.

"చూశారా! ఎవరైనా అమాయకుడు ఆ తుపాకీ తీసుకొని వుంటే?" అంటారు. సరే. కాని తుపాకీ ఎక్కడని అడగవద్దని పోలీసుతో ఎవరన్నారు? అడగవచ్చు, వెతకవచ్చు, తీసి దాచవచ్చు. ప్రజల ప్రాణం కోసం అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబును తెచ్చి ముద్దాయి నెత్తిన పెట్టవద్దన్నదే పేచీ. అసమ్మతి తీర్పులో న్యాయమూర్తి మార్షల్ పట్టుకున్నది ఈ కీలకాన్నే. నలుగురు పోలీసులు చుట్టూ వున్నారు, మనిషి చేతులకు బేడీలున్నాయి, అర్ధరాత్రి దుకాణంలో గుమాస్తాలు తప్ప దాదాపు ఎవరూ లేరు. పెట్టెలు పక్కనే వున్నాయి. వెతకడానికి ఎంతసేపు పడుతుంది?

ఈ కేసులో నన్ను వేధించేది మరొకటి. అత్యాచారం అభియోగం ఏమైంది? మొదట ఆ నేరమూ మోపారు. తరువాత దాన్ని ఎందుకు నడపలేదో రికార్డులో లేదని సుప్రీంకోర్టే రాసింది. ఫిర్యాదు చేసిన స్త్రీ తొలి వాక్యాల్లో కనిపించి మాయమౌతుంది. న్యాయశాస్త్రంలో మిగిలింది తుపాకీ. ఆమె పేరు చెప్పి హక్కులు తీసెయ్యమనేవారు ఆమెకు జరిగిన న్యాయమేమిటో చెప్పాలి.

ఆ కేసులో న్యాయమూర్తి ఓకానర్ మధ్యేమార్గం చూపింది: మాటను తీసెయ్యండి, తుపాకీని వుంచండి. 2004లో పటానె కేసు నాటికి ఆ మధ్యేమార్గమే రాజమార్గమైంది. కొలరాడోలో ఒకణ్ణి అతని ఇంటి దగ్గర పట్టుకుని హక్కులు చెప్పబోతే, నాకు తెలుసులే అని అడ్డు తగిలాడు. పోలీసు అంతటితో ఆపి పిస్తోలు సంగతి అడిగాడు. పడకగదిలో వుందని అతను చెప్పాడు. బలవంతం లేకుండా చెప్పిన మాట వల్ల దొరికిన వస్తువును తొలగించనక్కరలేదని అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, కుదరదని నలుగురు ఒకవైపు. మాట చెల్లదు గాని మాట చూపించిన వస్తువు చెల్లుతుంది! ఇదేదో సమతూకంగా కనిపిస్తుంది. ఆయుధం కేసులో ఇది సమతూకం కాదు. పడకగదిలోని పిస్తోలు కోర్టు బల్లమీదకి వచ్చిన తరువాత, అతను ఏమన్నాడో వేరే చెప్పే అవసరమెవరికి?

ఇక ఇంటికి వద్దాం. అమెరికా 2004లో చేరుకున్న చోటికి మనం 1872లోనే చేరాం, ఆ పైన రెండడుగులు ముందుకూ వేశాం. పోలీసుతో చేసిన నేరాంగీకారం చెల్లదని సాక్ష్య చట్టం 25వ సెక్షను చెప్పింది. తెల్లదొరలకు దయ పుట్టి ఈ మాట రాయలేదు. తమ ఠాణాల్లో ఏం జరుగుతుందో వారికి తెలుసు. ఆంధ్ర జిల్లాలు వున్న మద్రాసు రాజధానిలోనే శిస్తు వసూలుకూ నేరాంగీకారాలకూ మనుషులను ఎట్లా హింసిస్తున్నారో 1855లో విచారణ సంఘం నివేదిక ఇచ్చింది. అయితే 27వ సెక్షను పెరటి తలుపు తెరిచింది: కస్టడీలో వున్నవాడు చెప్పినదాన్నిబట్టి ఏదైనా బయటపడితే, దానికి సూటిగా సంబంధించినంత వరకు ఆ మాట చెల్లుతుంది. 2024 జూలై 1 నుంచి ఆ చట్టం పోయి భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. పాత తలుపు 23వ సెక్షనులో అట్లాగే వున్నది.

ఈ తలుపు ఎంత వెడల్పో కొలిచిన కేసు మన తెలుగు పల్లెది: పులుకూరి కోటయ్య కేసు. గుంటూరు సెషన్సు కోర్టులో మొదలై, మద్రాసు హైకోర్టు దాటి లండన్‌లోని ప్రీవీ కౌన్సిలు దాకా పోయింది. 1947 నాటి తీర్పుగా ప్రసిద్ధం. హత్య కేసు. ముద్దాయి వాంగ్మూలంలో కాపు వేసిన సంగతి, కొట్టి చంపిన సంగతి, చివరకు బల్లెమూ కర్రా గడ్డివామిలో దాచిన సంగతి, వస్తే చూపిస్తాననే మాట వున్నాయి. ప్రీవీ కౌన్సిలు దాచాననీ చూపిస్తాననీ చెప్పిన భాగాన్ని మాత్రం వుంచి, తక్కినదంతా కొట్టేసింది. ఇంటికప్పులో కత్తి వున్నదని చెబితే బయటపడేది కత్తి కాదు, అది అక్కడ వున్నట్టు అతనికి తెలుసునన్న సంగతి మాత్రమేనని వివరించింది. మంచి తీర్పే, పైగా పదునైన తీర్పు. హత్య కేసుకు ఈ కత్తిరింపు సరిపోవచ్చు. అదే సూత్రాన్ని ఆయుధం కేసుకు పెట్టి చూడండి. అతనికి తెలుసునన్న సంగతే అక్కడ నేరం! కత్తిరించి మిగిల్చిన ముక్కే పూర్తి నేరాంగీకారం.

ఇక్కడ తెలుగు చదువుకున్నవాడిగా నాకొక మాట వున్నది. క్రీడాభిరామం వల్లభరాయుడిదా, శ్రీనాథుడిదా అని తరాల తరబడి వాదించుకున్న జాతి మనది. పద్యం నడకను పట్టి, పదం పోకడను పట్టి ఇది ప్రక్షిప్తం అని తేలుస్తాం. మనిషిని జైలుకు పంపే రచన విషయంలో ఆ చూపు ఎక్కడికి పోతుంది? శ్రీకాకుళం కూలీ మాట్లాడే తెలుగు వేరు, పాలమూరు కాపరి తెలుగు వేరు, రాయలసీమ రైతు తెలుగు వేరు. ఠాణా గడప దాటగానే ముగ్గురిదీ ఒకే భాష అయిపోతుంది. "నా వెంట వచ్చినచో చూపించగలను" అంటారు ముగ్గురూ. ఏ పల్లెలో ఏ మనిషి "వచ్చినచో" అంటాడు? ఎవరి బలవంతమూ లేకుండా స్వచ్ఛందంగా చెబుతున్నానని కూడా అంటారు. స్వచ్ఛందంగా మాట్లాడేవాడు ఆ సంగతి ఎప్పుడైనా ప్రకటిస్తాడా? ఇది మనిషి మాట కాదు, సెక్షను మాట. చట్టం ఏ వాక్యాన్ని అనుమతించిందో ఆ వాక్యాన్నే ముద్దాయిలందరూ పలుకుతున్నారంటే, ఆ వాక్యకర్త ఎవరో చెప్పడానికి ఎమ్మే చదవనక్కరలేదు. అట్లాగని అందులోని ప్రతి సంగతీ కల్పితమని నేననను. ఏది అతనిది, ఏది రాసినవాడిదో తేల్చే ఉపాయం లేదంటున్నాను. ఇట్లాంటి ప్రతిని ఏ పరిష్కర్తా మూలంగా స్వీకరించడు.

ఈ పెరటి తలుపును మూసెయ్యాలన్న న్యాయమూర్తి కూడా మనవాడే. 1960లో దేవమన్ ఉపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు 27వ సెక్షనును నిలబెట్టినప్పుడు కోకా సుబ్బారావు గారు విడిగా నిలబడి, అది సమానత్వ హక్కుకు విరుద్ధమన్నారు. విడిగా వున్నవాడు పోలీసుతో ఒప్పుకున్న నేరం బొత్తిగా చెల్లదు. కస్టడీలో వున్నవాడిదైతే కొంత చెల్లుతుంది. భయం ఎక్కువున్న చోటనే తలుపు తెరిచి పెట్టడంలోని తర్కం ఏమిటో ఆరున్నర దశాబ్దాలైనా నాకు ఎవరూ విప్పి చెప్పలేదు.

సోదాల సంగతి ఇంకా హీనం. సోదా అక్రమమైనా సంబంధమున్న సాక్ష్యం చెల్లుతుందని 1973లో పూరన్‌మల్ కేసులో మన సుప్రీంకోర్టు అన్నది. అది ఆదాయప్పన్ను సోదా. లెక్కపుస్తకాలకు చెప్పిన ధర్మం గుడిసెలోని నాటుతుపాకీ దాకా పాకింది. అంటే 1926 నాటి కార్డోజో అమెరికాలో ఓడి, మన దగ్గర కాపురం పెట్టాడు.

ఇది వకీళ్ల తగాదా, రచయితలకెందుకంటారా? కన్యాశుల్కంలో లుబ్ధావధాన్లు మీద పడ్డ ఖూనీ కేసు గుర్తు చేసుకోండి. చచ్చిందన్న పెళ్లికూతురు ఆడపిల్లే కాదు, వేషం వేసిన కుర్రవాడు. అయినా కేసు నడిచింది. విశాఖలో వకీలుగా బతికిన రాచకొండ విశ్వనాథశాస్త్రి ఆరు సారా కథలు రాసింది మద్యనిషేధం నాటి బతుకుల మీద. వస్తువు దగ్గర వుండటమే నేరమైన చోట పోలీసు ఎట్లా ప్రభువౌతాడో ఆయన చూపించాడు. 1974 నాటి సికింద్రాబాదు కుట్రకేసులో కవులే ముద్దాయిలు. 1989లో కేసు వీగిపోయేదాకా పదిహేనేళ్లు వారు ఆ భారం మోశారు. మన ముందుతరం ఈ అనుమానాన్ని అంత స్పష్టంగా రాసిపెట్టిపోతే, నేడు మనం దొరికిన ఆయుధాలను బల్లమీద పేర్చి, వెనుక ముసుగులు వేసిన మనుషులను నిలబెట్టిన ఫొటో చూసి, తీర్పు వచ్చేసిందని అనుకుంటున్నాం.

కొత్త చట్టం వచ్చింది గదా, అన్నీ కెమెరాలో చిత్రిస్తారు గదా అంటారు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షను ప్రకారం సోదానూ స్వాధీనాన్నీ చిత్రించి మేజిస్ట్రేటుకు పంపాలి. మంచిదే. కాని ఆ కెమెరా గడ్డివామి దగ్గర తెరుచుకుంటుంది. వాక్యం పుట్టింది అంతకుముందు, ఠాణాలో. ఠాణాల్లోనూ కెమెరాలు పెట్టాలని సుప్రీంకోర్టు 2020లో ఆదేశించింది. కాబట్టి మన కోరిక చిన్నది. "చూపించగలను" అన్న వాక్యం దాఖలు చేసిన ప్రతి ఆయుధం కేసులోనూ, పట్టుకున్న గడియ నుంచి ఆ వాక్యం దాకా ఠాణా కెమెరాలో వున్నదంతా దాని వెంట దాఖలు చెయ్యాలి. ఆ రోజు కెమెరా పనిచెయ్యలేదని జవాబు వస్తే, మాటనూ ఆయుధాన్నీ రెంటినీ కోర్టు తిప్పి పంపెయ్యాలి.